గామా బాల్యం: పిల్లలను గోదాలోకి దింపడం ఎప్పుడు, ఎలా?

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే ఎవరూ తోచలేదు. దేశనాయకుల గురించి, సంస్కర్తల గురించి నాకన్నా బాగా వ్రాయగల పెద్దలు మన సభ్యులలో ఎందరో ఉన్నారు. 37 ఏళ్ళు ఫైళ్ళ మధ్య గుమాస్తాగిరీ చేసినవాడిని, నేనేమి వ్రాయగలను అనుకుంటూ ఉండగా మా ఇంట్లోనే ఒక సమస్య తలెత్తింది.

మా మనవరాలికి ఏడేళ్ళు. టీవీలో దంగల్ సినిమా చూసినది మొదలు తాను కూడా కుస్తీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. మా అబ్బాయికి ఉత్సాహం ఎక్కువ. నేర్పించడమే కాదు, రెండు నెలలలో పిల్లల పోటీలు ఉన్నాయట, వాటికి పేరు కూడా ఇచ్చేస్తానన్నాడు. కోడలు వద్దంది. మా ఆవిడ అయితే చెవులు చితికిన ఆడపిల్లకు రేపు సంబంధాలు ఎవరు తెస్తారని ఒకటే గోల. ఎటూ తేలక చివరికి ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. దాని మీద ఏమి నోటు వ్రాయాలా అని ఆలోచిస్తుంటే గుర్తుకు వచ్చినవాడు గామా.

మన తరం వారికి గామా పేరు కొత్త కాదు. బడిలో కాస్త ఒళ్ళున్న కుర్రవాడిని గామా అని ఏడిపించేవాళ్ళం. మా ఊరి తాలింఖానాలో ఆంజనేయస్వామి పటం పక్కనే గామా ఫోటో ఉండేది. శనివారంనాడు వస్తాదుగారు రెండు పటాలకూ పూలు పెట్టేవారు. అతను మహమ్మదీయుడని గాని, పంజాబువాడని గాని అక్కడ ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. అయితే అతని బలం గురించి చెప్పుకున్నంతగా అతని బాల్యం గురించి ఎవరూ చెప్పుకోరు. పెద్దలమైన మనకు పనికివచ్చేది మాత్రం ఆ బాల్యమే.

గామా అసలు పేరు గులాం మహమ్మద్. 1878 మే 22న పంజాబులోని అమృతసర్ ప్రాంతంలో పుట్టాడు. వారిది కాశ్మీరు నుండి వచ్చి స్థిరపడిన మల్లుల కుటుంబం. తండ్రి మహమ్మద్ అజీజ్ బక్ష్ కూడా పేరున్న పహిల్వాన్. గామాకు ఆరేళ్ళ వయస్సులో ఆ తండ్రి చనిపోయాడు. తల్లికి తండ్రి అయిన నూన్ పహిల్వాన్ మనవడిని చేరదీశాడు. కొంతకాలానికి ఆ తాతగారు కూడా కాలం చేశారు. అప్పుడు మేనమామ ఈదా పహిల్వాన్ ఆ బాధ్యత తీసుకున్నాడు. మేనల్లుడిని పెద్ద మల్లుడిగా చూడాలని పోయిన బావగారికి ఉన్న కోరికను తాను నెరవేర్చాలనుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పిల్లవాడికి వరుసగా ముగ్గురు పెద్దలు దొరికారు. ముగ్గురికీ గోదా మట్టి తెలుసు. పసివాడి ఒంటికి ఎంత తగునో, ఎంత తగదో తెలిసినవారు. నేర్చుకునేవాడి వయస్సు కన్నా ముందు నేర్పేవాడి అనుభవం చూడాలని నాకు మొదట తోచింది ఇక్కడే.

ఆ రోజులలో ఉత్తరాది అఖాడాలలో చిన్నపిల్లవాడు చేరితే ముందుగా పట్లు నేర్పేవారు కాదు. పార ఇచ్చి గోదా మట్టి తవ్వించేవారు. ఆ మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ వంటివి కలిపి గట్టిపడకుండా మెత్తగా ఉంచడం ఒక పని. పెద్దవాళ్ళకు ఒళ్ళు పట్టడం, నీళ్ళు తోడడం, పెద్దలు పట్టు పడుతుంటే ఓ పక్కన కూర్చుని చూడడం, ఇవీ తొలి పాఠాలు. ఆ తరువాత దండీలు, బస్కీలు. మట్టి తవ్వితే భుజాలు, నడుము గట్టిపడతాయి. చూస్తూ కూర్చుంటే ఎవరి కాలు ఎటు పోతోందో కన్ను పట్టుకుంటుంది. గామా కూడా ఆ దారినే వచ్చాడు. పదేళ్ళు వచ్చేనాటికి రోజూ వందల లెక్కన బస్కీలు తీసే అలవాటు అయింది. తిండిలో పాలు, బాదం పప్పు, పండ్ల రసం ముఖ్యం. పెద్ద పహిల్వాన్లు తినే బలమైన మాంసాహారం ఆ వయస్సులో అతనికి పెట్టలేదు.

1888లో జోధ్‌పూర్ మహారాజు ఒక పోటీ పెట్టించారు. దేశం నలుమూలల నుండి 400 మందికి పైగా మల్లులు వచ్చారు. అది కుస్తీ పోటీ కాదు, ఎవరు ఎక్కువసేపు బస్కీలు తీయగలరన్న పోటీ. పదేళ్ళ గామా కూడా వారి మధ్య నిలబడ్డాడు. వందల మంది అలసి తప్పుకున్నారు. చివరకు 15 మంది మిగిలారు. ఆ పదిహేను మందిలో ఈ పిల్లవాడు ఉన్నాడు. మహారాజు ముచ్చటపడి, వయస్సును బట్టి అతనే విజేత అని ప్రకటించారు. దేశానికి గామా పేరు తెలిసింది ఆ రోజునే.

ఈ కథ చెప్పేవారు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మిగతా సగం కూడా చెప్పుకోవాలి. ఆ పోటీ అయిన తరువాత గామా వారం రోజులు మంచం దిగలేకపోయాడు. పుట్టుకతోనే అంత శక్తి ఉన్న బిడ్డ, మల్లుల ఇంట పెరిగిన బిడ్డ, వాడికే ఒక్క పూట అతిశ్రమకు వారం పట్టింది. మన ఇళ్ళలో పెరిగే మామూలు పిల్లల సంగతి చెప్పాలా?

అంతటి పేరు వచ్చింది కదా అని పెద్దలు అతన్ని వెంటనే ఊరూరా తిప్పి డబ్బు చేసుకోలేదు. దతియా సంస్థానం మహారాజు అతన్ని తన పోషణలోకి తీసుకుని శిక్షణ ఇప్పించారు. దేశంలో పేరు మోసిన మల్లులతో తలపడేనాటికి అతను ఎదిగిన యువకుడు. మన భాషలో చెప్పాలంటే పదేళ్ళకే మంచి రిమార్కు పడినా ప్రొబేషను మాత్రం పూర్తిగా చేయించారు. ప్రమోషను తొందరపడి ఇవ్వలేదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. చిన్నప్పుడు నేనూ మా ఊరి తాలింఖానాకు వెళ్ళేవాడిని. మా వస్తాదుగారు మొదటి ఆరు నెలలు మమ్మల్ని ఒకరినొకరు తాకనివ్వలేదు. పడడం నేర్చుకున్నవాడే పడగొట్టడం నేర్చుకోవాలని ఆయన పద్ధతి. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి దొర్లడమే మా పని. 1959లో మా ఊరి జాతరకు పిల్లల కుస్తీలు పెట్టారు. వస్తాదుగారు ఆ రోజు ఊళ్ళో లేరు. మా బంధువులలో ఒక పెద్దమనిషి సరదాకి, తొమ్మిదేళ్ళ నన్ను నాకన్నా మూడేళ్ళు పెద్దవాడైన కుర్రవాడి మీదికి తోశాడు. గెలిస్తే రూపాయి ఇస్తానన్నాడు. జనం ఈలలు వేశారు. వెనక్కి తగ్గితే పరువు పోతుందనిపించింది. పడేటప్పుడు దొర్లడానికి బదులు చెయ్యి ఆనించాను. ఎడమ మోచెయ్యి తొలిగింది. కట్టు కట్టించారు గాని, ఈనాటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేను. సర్వీసంతా రిజిస్టర్లు కుడిచేత్తోనే ఎత్తాను.

వస్తాదుగారు తిరిగి వచ్చి సంగతి విని నన్నేమీ అనలేదు. ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి నానా చీవాట్లూ పెట్టి వచ్చారని తరువాత తెలిసింది. ఆ మరుసటి ఏడు వేసవిలో గామా పోయిన వార్త పత్రికలో చూసి ఆయన ఒకరోజు గోదా మూసివేశారు. మా చేత ఆ ఫోటోకు దండ వేయించి జోధ్‌పూర్ కథ చెప్పారు. మంచం పట్టిన వారం సంగతి నేను మొదట విన్నది ఆ రోజే. నా చెయ్యి వంక చూస్తూ చెప్పారని నాకు గుర్తు.

గామా కథకు వద్దాం. అతని ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఆనాటి మేటి మల్లుడు రహీం బక్ష్ సుల్తానీవాలా దాదాపు ఏడడుగుల మనిషి. ఇద్దరూ తలపడిన మొదటిసారి ఎటూ తేలక కుస్తీ సమానంగా ముగిసింది. ఆ మాటే దేశమంతా మారుమ్రోగింది.

1910లో గామా, తమ్ముడు ఇమాం బక్ష్ మరికొందరు మల్లులతో కలిసి లండన్ వెళ్ళారు. శరత్ కుమార్ మిత్రా అనే బెంగాలీ ధనవంతుడు ఖర్చులు భరించాడు. తీరా వెళితే పొట్టివాడని గామాను పోటీలోకి తీసుకోలేదు. అతను కోపగించి తిరిగి రాలేదు. ఏ బరువు వారైనా సరే, ముగ్గురిని 30 నిమిషాలలో పడగొడతానని బహిరంగంగా సవాలు చేశాడు. మొదట ఎవరూ నమ్మలేదు. చివరికి అమెరికా మల్లుడు డాక్టర్ బెంజమిన్ రోలర్ ముందుకు వచ్చాడు. గామా అతన్ని మొదటిసారి రెండు నిమిషాలు కాకముందే, రెండోసారి పది నిమిషాల లోపల చిత్తు చేశాడు.

సెప్టెంబరు 10న పోలండ్ జాతీయుడు స్టానిస్లాస్ జిబిస్కోతో పోటీ జరిగింది. జిబిస్కో గామా పట్టుకు భయపడి నేలకు కరచుకుని బోర్లా పడుకుండిపోయాడు. రెండున్నర గంటలకు పైగా గామా ఎంత ప్రయత్నించినా అతను వెల్లకిలా తిరగలేదు. చూసేవారికి విసుగు పుట్టింది. మళ్ళీ సెప్టెంబరు 17న తలపడాలని నిర్ణయించారు. ఆ రోజు జిబిస్కో రానే లేదు. జాన్ బుల్ బెల్టు, 250 పౌన్ల బహుమతి గామాకు దక్కాయి. పరాయి పాలనలో ఉన్న దేశానికి ఆ బెల్టు ఎంత ఊరట కలిగించిందో వేరే చెప్పనక్కరలేదు. తిరిగి వచ్చాక అలహాబాదులో సుల్తానీవాలాను ఓడించి రుస్తుం ఎ హింద్ అనిపించుకున్నాడు.

మన పెన్షనర్లకు నచ్చే ఘట్టం ఇంకొకటి ఉంది. 1928 జనవరిలో పాటియాలా మహారాజు ఆధ్వర్యంలో జిబిస్కోతో మళ్ళీ కుస్తీ ఏర్పాటైంది. అప్పటికి గామాకు యాభయ్యో ఏడు నడుస్తోంది. వేలాది జనం చూస్తుండగా నిమిషం గడవకముందే జిబిస్కో వీపు మట్టికి తగిలింది. పదేళ్ళకే దేశమంతా తెలిసిన పిల్లవాడు ఏభయ్యో ఏట కూడా గోదాలో నిలబడి ఉన్నాడంటే, చిన్ననాడు పెద్దలు అతన్ని అరగదీయకుండా కాపాడడమే దానికి పునాది అని నా నమ్మకం.

తాను నేర్చుకున్న తీరునే గామా తన తరువాతి వారికి కూడా అందించాడు. తమ్ముడు ఇమాం బక్ష్ కొడుకు భోలూ, అతని సోదరులు ఆ ఇంటి గోదాలోనే తయారై పాకిస్తాన్‌లో పేరు తెచ్చుకున్నారు.

1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు గామా లాహోరులో మోహినీ రోడ్డులో ఉండేవాడు. చుట్టుపక్కల హిందూ కుటుంబాలు చాలా ఉండేవి. అల్లరిమూక వచ్చినప్పుడు తన శిష్యులతో వీధికి అడ్డం నిలబడి ఆ కుటుంబాలను కాపాడాడు. తరువాత వారు సరిహద్దు దాటడానికి తన ఖర్చుతో సాయం చేశాడు. నా దృష్టిలో ఇది జాన్ బుల్ బెల్టు కన్నా పెద్ద గెలుపు. బలం ఉన్నవాడు ఎవరి పక్కన నిలబడాలో కూడా చిన్నప్పుడే ఒంటబట్టాలి.

చివరి రోజులలో గామా జబ్బుపడ్డాడు, ఆర్థికంగా చితికిపోయాడు. అతని స్థితి తెలిసి భారతదేశం నుండి ఘనశ్యాందాస్ బిర్లాగారు 2,000 రూపాయలు పంపి, నెలకు 300 రూపాయలు పెన్షను ఏర్పాటు చేశారు. సరిహద్దు దాటి వెళ్ళిన ఆ పెన్షను సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చుతాయి. నెల మొదటి తేదీకి ఎదురుచూసే మనకు దాని విలువ తెలుసు. 1960 మే 23న, 82 ఏళ్ళు నిండిన మరునాడు, లాహోరులో గామా కన్నుమూశాడు.

మన తెలుగువారిలో ఇటువంటివారు లేరా అని ఎవరైనా అడగవచ్చు. లేకేం? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు ఉన్నారు. ఆయన శాకాహారి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పి, ఆ తరువాతనే సర్కసు స్థాపించి దేశదేశాలలో పేరు సంపాదించారు. ఆయనకైనా ముందు వ్యాయామం, తరువాతనే ప్రదర్శన. ఆయన గురించి మరో సంచికలో ఎవరైనా విపులంగా వ్రాస్తే బాగుంటుంది.

ఇక మా ఇంటి ఫైలు మీద నేను వ్రాసిన నోటు మనవి చేస్తాను. మన సభ్యులలో మనవలున్నవారికి పనికివస్తుందేమో చూడండి.

అయిదారేళ్ళ పిల్లలకు కుస్తీ అంటే ఆటే కావాలి. దొర్లడం, పాకడం, ఎలుగులా నడవడం, ఒంటికాలి మీద నిలబడడం, మెత్తని చాప మీద పడడం నేర్చుకోవడం, అంతవరకే. ఏడెనిమిదేళ్ళకు నిలబడే తీరు, తేలికపాటి పట్లు నేర్పవచ్చు. జతగాడు అదే బరువు, అదే వయస్సువాడై ఉండాలి. వారానికి రెండు మూడు రోజులు, రోజుకు గంట చాలు. మెడ మీద బరువు పడే పనులు, గొంతు నొక్కే పట్లు, ఇనుప బరువులు ఆ వయస్సుకు తగవు. ఎదిగే పిల్లల ఎముకల చివరలు ఇంకా మెత్తగా ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే ఎదుగుదలే దెబ్బతినవచ్చు.

పోటీలకు తొందర వద్దు. అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య నిబంధనలలోనే అన్నిటికన్నా చిన్న విభాగం 15 ఏళ్ళ లోపువారిది. అందులో 14, 15 ఏళ్ళవారు పాల్గొంటారు. 13 ఏళ్ళవారు దిగాలంటే తల్లిదండ్రుల అనుమతి, డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి. ప్రపంచ స్థాయిలోనే అంత ఆగుతుంటే మన వీధిలో ఏడేళ్ళకు ఆత్రం ఎందుకు? 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చిన సాక్షి మలిక్ కుస్తీ మొదలుపెట్టింది పన్నెండో ఏట. ఆలస్యమైతే అవకాశం పోతుందన్న భయం అక్కరలేదు. ఆడపిల్ల అన్న అభ్యంతరానికీ అదే సమాధానం.

తక్కువ బరువు విభాగంలో దింపడానికి పిల్లలను పస్తు పెట్టడం, నీళ్ళు మానిపించడం మహాపాపం. డబ్బాల పొడులు వద్దు. ఇంటి అన్నం, పప్పు, పాలు, గుడ్డు, వేరుశనగ, పండ్లు చాలు. ఇక శుభ్రత. గోళ్ళు కత్తిరించాలి. అయిన వెంటనే స్నానం చేయించాలి. తామర వంటివి కనిపిస్తే తగ్గేవరకు పంపరాదు. చెవులకు రక్షణగా కట్టుకునే తొడుగులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాపు వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. మా ఆవిడ కోసం ఈ వాక్యం నోటులో ప్రత్యేకంగా చేర్చాను.

అన్నిటికన్నా ముందు, చేర్పించేముందు ఒక వారం వెళ్ళి గోదా దగ్గర కూర్చుని నేర్పేవారిని చూడాలి. పడిపోయిన పిల్లవాడి దగ్గరకు ముందు వెళుతున్నారా, గెలిచినవాడి దగ్గరకా అన్నది గమనించాలి. పిల్లవాడు ఈ రోజు వద్దంటే వినే మనిషేనా అన్నది కనుక్కోవాలి.

మా అబ్బాయి నోటు చదివి కొంచెం ముఖం ముడుచుకున్నాడు. నేనేమీ వాదించలేదు, చొక్కా చెయ్యి పైకి మడిచి నా ఎడమ మోచెయ్యి చూపించాను. చిన్నప్పటినుంచి ఆ చెయ్యి చూస్తున్నవాడే గాని అది ఎలా జరిగిందో నేనెప్పుడూ చెప్పలేదు. పోటీకి పేరు ఇవ్వడం మానుకున్నాడు. వారం రోజులు నేనే వెళ్ళి కూర్చుని చూశాను. నేర్పే ఆమె ఓపిక గల మనిషి. ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు మనవరాలిని నేనే తీసుకువెళుతున్నాను. దానికి ఇంతవరకు ఒక్క పట్టూ రాదు. దొర్లడం మాత్రం బాగా వచ్చింది. ఇంట్లో మంచం మీద నుండి దొర్లి చూపించి నాయనమ్మను బెదరగొడుతోంది.

గామా జీవితం నుండి నేను తెలుసుకున్నది ఇంతే. పిల్లలకు బలం ఇచ్చేది భగవంతుడు. దాన్ని ఎదిగేవరకు కాపాడి వారి చేతికి అప్పగించడం పెద్దల పని. ఆ పనికి ఓపిక, తీరిక కావాలి. రిటైరైన మనకు ఆ రెండూ ఉన్నాయి కదా. సభ్యులందరికీ, వారి కుటుంబాలకు ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.